వైజాగ్ నేవీ మారథాన్ 10కే: నడక మాత్రమే అలవాటున్నవాళ్లు తొమ్మిది వారాల్లో సిద్ధం కాగలరా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటారు. రోజూ సాయంత్రం మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తారు గానీ, స్కూలు రోజుల తర్వాత పరుగెత్తింది లేదు. ఆఫీసు స్నేహితులతో కలిసి వైజాగ్ నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లకు పేరు ఇచ్చేశారు. ఇంకా తొమ్మిది వారాలుంది. పూర్తి చేయగలనా, 5 కిలోమీటర్లకు మార్చుకోనా, పరిగెడితే మోకాళ్లు అరుగుతాయని ఇంట్లో అంటున్నారు నిజమేనా, సముద్రం పక్కన చల్లగాలి ఉంటుంది కదా తేలికేనా అని అడిగారు.

పూర్తి చేస్తారండీ. 10 కిలోమీటర్లే ఉంచుకోండి. అయితే మొత్తం పరుగెత్తే తీరాలని పట్టుపట్టకండి. మొదటి నిమిషం నుంచే కాసేపు పరుగు, కాసేపు నడక పద్ధతిలో వెళ్లండి. ఇక చల్లగాలి మాట నమ్మకండి. హైదరాబాద్ నుంచి వచ్చే కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టేది దూరం కాదు, ఇక్కడి ఉక్కపోతే.

నేను వైజాగ్‌లోనే ఉంటాను. చాలా ఏళ్లుగా బీచ్ రోడ్డు మీద కొత్తవాళ్లతో కలిసి పరుగెత్తుతూ, వాళ్లను రేసుకు సిద్ధం చేస్తున్నాను. కాబట్టి ముందు ఆ గాలి సంగతే చెబుతాను.

మీరు ఎప్పుడైనా ఆర్కే బీచ్‌కు వచ్చి ఉంటే సాయంత్రం వచ్చి ఉంటారు. కురుసుర జలాంతర్గామి చూసి, ఇసుకలో కూర్చుని, మూరీ మిక్చర్ తిని ఉంటారు. అప్పుడు జుట్టు ఎగిరేంత గాలి ఉంటుంది. పగలంతా ఎండకు నేల వేడెక్కుతుంది, సముద్రం అంత త్వరగా వేడెక్కదు. దాంతో నీటి మీది చల్లటి గాలి ఒడ్డు వైపు వీస్తుంది. ఎండ ముదిరాక మొదలై సాయంత్రం దాకా ఉండే గాలి అది. రాత్రి ఇదంతా తిరగబడుతుంది. నేల ముందుగా చల్లబడి, గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు పోతుంది. అది బలహీనంగా ఉంటుంది. తెల్లవారాక ఈ రెండింటి మధ్య మార్పు జరిగే సమయంలో చాలా రోజులు ఆకు కూడా కదలదు. రేసు జరిగేది సరిగ్గా ఆ వేళలోనే.

నవంబరులో తెల్లవారుజామున హైదరాబాద్‌లో స్వెటర్ వెతుక్కుంటారు. అదే వేళకు వైజాగ్‌లో 22, 23 డిగ్రీలు ఉంటుంది, పైగా గాలి నిండా తేమ. ఒంట్లో వేడి తగ్గేది చెమట పట్టినందువల్ల కాదు, ఆ చెమట ఆరినందువల్ల. తేమగాలిలో అది ఆరదు, కారిపోతుంది. గుండె ఒకపక్క కాళ్లకు రక్తం పంపాలి, మరోపక్క ఒంటిని చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. అందుకే మీరు హైదరాబాద్‌లో హాయిగా మాట్లాడుకుంటూ పరిగెత్తిన వేగమే ఇక్కడ రెండో కిలోమీటరు దాటేసరికి ఆయాసం తెప్పిస్తుంది. కనుబొమల మీది చెమట కళ్లలోకి దిగి మండుతుంది. టీ షర్టు ఒంటికి అతుక్కుపోయి, పిన్నులతో గుచ్చిన బిబ్ (మీ పరుగు నంబరు ఉండే చీటీ) అడుగు అడుగుకూ పొట్టను రాస్తుంటుంది. ఇదంతా మామూలే. మీ సాధన తక్కువైందని భయపడాల్సిన పనిలేదు. వేగం తగ్గించుకోవాలి, అంతే.

దీనికి ముందుగా చేసుకోగలిగింది ఒకటుంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రోజూ తెల్లవారుజామున చల్లటి వేళలోనే పరిగెడితే ఆ అలవాటు రాదు. చివరి మూడు వారాల్లో వారానికి రెండు మూడు సార్లు ఉదయం ఎనిమిది తర్వాత, కాస్త ఎండ ఎక్కాక పరిగెత్తండి. నీళ్లు వెంట ఉంచుకుని, నెమ్మదిగా, అరగంట చాలు. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చేసినది కాళ్లకు పనికొస్తుంది గానీ ఈ ఉక్కపోతకు పనికిరాదు. హైదరాబాద్‌లో బ్యాంకులో పనిచేసే ఒకాయన సాధనంతా ట్రెడ్‌మిల్ మీదే చేసి వచ్చారు. కాళ్లు గట్టివే. వాచీలో వేగం చూసుకుంటూ, తగ్గించడానికి మనసొప్పక, సగం దారిలో కళ్లు తిరిగి ఫుట్‌పాత్ మీద కూలబడ్డారు. మరుసటి ఏడు వాచీ జేబులో వేసుకుని, ఊపిరి చూసుకుంటూ పరిగెత్తి నవ్వుతూ ముగించారు.

ఇప్పుడు పరుగు-నడక పద్ధతి. అమెరికా ఒలింపిక్ రన్నర్ జెఫ్ గాలోవే కొత్తవాళ్ల కోసం దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో కీలకం ఏమిటంటే, అలిసిపోయాక నడవడం కాదు, అలిసిపోకముందే నడవడం. ఒంట్లో శక్తి పుష్కలంగా ఉన్నప్పుడు, చుట్టూ అందరూ దూసుకుపోతున్నప్పుడు మీరు నడకలోకి దిగాలి. మనసు ఒప్పుకోదు. పక్కనుంచి ఎవరో "కమాన్ మేడమ్, కమాన్" అంటారు. చేయి ఊపి మీ నడక మీరు నడవండి. అలా అన్నవాళ్లలో చాలామంది ఏడో కిలోమీటరు దగ్గర మీకు మళ్లీ కనిపిస్తారు.

తొమ్మిది వారాలను ఇలా వాడుకోండి. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం ఉండాలి. మిగతా రోజుల్లో మీ సాయంత్రం నడక మానకండి. మొదటి మూడు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం అరగంట. నాలుగో వారం నుంచి ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. అది తేలిగ్గా అనిపిస్తే ఆరో వారానికి రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. అనిపించకపోతే ఒకటికి ఒకటి దగ్గరే ఉండిపోండి, రేసు కూడా అలాగే చేయండి, ఏమీ నష్టం లేదు. ఆదివారం మాత్రం కాస్త ఎక్కువ దూరం పెట్టుకోండి. 4 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి అర కిలోమీటరో, కిలోమీటరో పెంచుకుంటూ ఎనిమిదో వారానికి 8 దాకా రండి. అంతకన్నా అక్కర్లేదు, రేసు రోజు మిగతా రెండు కిలోమీటర్లు జనమే లాక్కెళ్తారు. చివరి వారం సగానికి సగం తగ్గించేయండి. ఆ వారంలో "ఇంకొంచెం చేస్తే బాగుండు" అనే టెన్షన్ అందరికీ వస్తుంది. అప్పుడు చేసిన సాధన రేసుకు అందిరాదు, నొప్పులు మాత్రం వస్తాయి.

వేగం ఎంత ఉండాలని అడిగితే నేను చెప్పే కొలత ఒక్కటే. పరిగెడుతూ పక్కనున్నవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. ఈ లెక్కన మీకు కిలోమీటరుకు తొమ్మిది, పది నిమిషాలు పట్టవచ్చు, అంటే మొత్తం గంటన్నర పైచిలుకు. చాలా మంచి సమయం అది. నిర్వాహకులు పెట్టిన గడువు ఎంతో మాత్రం మీ రిజిస్ట్రేషన్ మెయిల్‌లో ఒకసారి చూసుకోండి.

మోకాళ్ల సంగతి. ఇంట్లోవాళ్లది ప్రేమతో కూడిన భయం, కొట్టిపారేయకండి. కానీ ఆధారాలు అటువైపు లేవు. 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, సరదాగా పరిగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల సుమారు 3.5 శాతం మందికి కనిపిస్తే, పరుగు లేకుండా కూర్చుని గడిపేవాళ్లలో అది 10 శాతం పైనే ఉంది. పోటీ స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13 శాతం దాటింది. మీది మొదటి రకం. కొత్తవాళ్లకు వచ్చే మోకాలి నొప్పికి ఎక్కువసార్లు కారణం దూరం ఒక్కసారిగా పెంచేయడం. తొడ కండరాలు, పిరుదుల కండరాలు బలహీనంగా ఉన్నా భారమంతా మోకాలి మీద పడుతుంది. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది పదిహేను సార్లు, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం అన్నేసార్లు చేయండి. నొప్పి ఒక చోటే సూదిలా గుచ్చుతూ రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఆపి డాక్టరుకు చూపించుకోండి.

షుగరు, బీపీ ఉన్నా, మెట్లెక్కేటప్పుడు గుండెలో పట్టేసినట్టు అనిపించినా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉన్నా సాధన మొదలుపెట్టకముందే డాక్టరును కలవండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. 39 ఏళ్లకు ఏమవుతుందిలే అని తోసేయకండి.

షూస్ గురించి మీరు అడగలేదు గానీ తర్వాత అడుగుతారని తెలుసు. ఖరీదైనవి అక్కర్లేదు. పరుగు కోసం చేసిన షూస్ అయితే చాలు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసుకు చూసి, బొటనవేలి ముందు అరంగుళం ఖాళీ ఉండేలా కొనండి. ఇప్పుడే కొనేయండి, రేసుకు వారం ముందు కాదు. కాటన్ సాక్సు తడిస్తే బొబ్బలు లేస్తాయి, పాలియెస్టర్ కలిసినవి తీసుకోండి. రేసుకు ఇచ్చే కొత్త టీ షర్టు మీద అందరికీ మోజే, కానీ అది వేసుకుని ఒక్కసారైనా పరిగెత్తి చూడకుండా రేసులో వేసుకోవద్దు. చంకల కింద, తొడల లోపలివైపు, స్పోర్ట్స్ బ్రా అంచు తగిలే చోట వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ దట్టంగా రాసుకోండి. ఈ ఉప్పుగాలిలో, తడి బట్టల్లో చర్మం ఒరుసుకుపోతే ఆ మంట స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది.

ఇసుకలో సాధన చేద్దామని ముందు రోజు సరదా పడకండి. మెత్తటి ఇసుకలో మడమ లోతుగా దిగి పిక్కలు, మడమ వెనక నరం లాగేస్తాయి. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతుంది. నడవండి, ఫొటోలు దిగండి. పరుగు తారు రోడ్డు మీదే.

రోడ్డు ఎలా ఉంటుందో చెబుతాను. మారథాన్‌లో 42.2, 21.1, 10, 5 కిలోమీటర్ల విభాగాలుంటాయి. పరుగు ఆర్కే బీచ్ ప్రాంతం నుంచి బీచ్ రోడ్డు వెంట సాగుతుంది. మార్గంలో ఏటా చిన్న చిన్న మార్పులు ఉండవచ్చు కాబట్టి బిబ్ తీసుకునేటప్పుడు మ్యాప్ చూసుకోండి. కురుసుర, 1971 యుద్ధ విజయ స్మారకం, పార్కు హోటలు, ఉడా పార్కు దాకా రోడ్డు దాదాపు చదునే. లాసన్స్ బే, జాలారిపేట దాటి కైలాసగిరి పాదం దగ్గరికి, అంటే తెన్నేటి పార్కు వైపు వెళ్లేకొద్దీ ఎత్తుపల్లాలు మొదలవుతాయి. హాఫ్ (21.1), ఫుల్ (42.2) చేసేవాళ్లకు అక్కడినుంచి రుషికొండ వైపు ఇంకా తగులుతాయి. మీ దారిలో ఎత్తు వస్తే పరిగెత్తకండి, చిన్న చిన్న అడుగులతో నడిచి ఎక్కండి, దిగేటప్పుడు పరిగెత్తండి. ఇంకో సంగతి. ఈ రోడ్డు తీరం వెంట ఈశాన్యంగా పోతుంది. ఈశాన్య గాలి వీచే రోజున అటు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. వెనకగాలి సాయం చేస్తుందనుకుంటాం గానీ, అదీ మనమూ ఒకే వైపు పోతుంటాం కాబట్టి ఒంటికి గాలి తగలదు. ఉక్క ఎక్కువ తెలిసేది అప్పుడే. తిరుగు దారిలో నీళ్ల కేంద్రం కనిపిస్తే సగం తాగి, సగం మెడ మీద, చేతుల మీద పోసుకోండి.

నీళ్ల విషయంలో రెండు తప్పులూ చూస్తుంటాను. ఒకరు చుక్క తాగరు. ఇంకొకరు ప్రతి కేంద్రం దగ్గరా రెండేసి గ్లాసులు గటగటా తాగేసి కడుపు బరువెక్కి నిలబడిపోతారు. అతిగా మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం కూడా ఉంది. దాహం వేసినప్పుడు రెండు మూడు గుక్కలు తాగండి, చాలు. ముందు రోజు సాయంత్రం ఒక మజ్జిగ గ్లాసు, కాస్త ఉప్పు వేసుకుని. రేసు అయ్యాక ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలుపుకుని నెమ్మదిగా తాగండి. బీపీ ఉంటే ఈ ఉప్పు సంగతి కూడా డాక్టరును అడగండి.

ప్రయాణం. రేసు ఆదివారం, బిబ్‌లు ఇచ్చేది అంతకుముందు. ఆదివారం ఉదయానికి దిగితే కుదరదు. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం ఉదయం వైజాగ్‌లో దిగుతారు. గుర్తింపు కార్డు చూపించి బిబ్ తీసుకుని, మధ్యాహ్నం పడుకోండి. కైలాసగిరి, సింహాచలం, అరకు అన్నీ ఒకే రోజు పెట్టుకున్నవాళ్లు రేసు మొదలయ్యేసరికే కాళ్లు లాగుతున్నాయంటారు. ఇది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇదే బీచ్ రోడ్డును ఎలా చేసిందో మేం చూశాం. ఏదైనా అల్పపీడనం బలపడుతోందని వార్త వస్తే నిర్వాహకుల ప్రకటనలు చూస్తూ ఉండండి.

శనివారం రాత్రి తిండి ఏడున్నరకల్లా అయిపోవాలి. అన్నం, పప్పు, పెరుగు. వైజాగ్ వచ్చి చేపల పులుసు తినకుండా ఎలా అంటారా, ఆదివారం మధ్యాహ్నం తినండి. బీచ్‌లో బజ్జీలు, మసాలాలు కూడా అప్పుడే. ఉదయం లేచాక, పరుగుకు గంటన్నర ముందు ఒక అరటిపండు, రెండు ఇడ్లీలు గానీ రెండు బ్రెడ్ ముక్కలు గానీ తినండి. కాఫీ అలవాటుంటే తాగండి, లేకపోతే ఆ రోజే మొదలుపెట్టకండి. ఇదంతా హైదరాబాద్‌లో ఏదో ఒక ఆదివారం ముందే చేసి చూసుకోండి, మీ కడుపుకు ఏది పడుతుందో తెలుస్తుంది.

రేసు ప్రాంతానికి ముందుగానే చేరండి. బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, ఆటో ఎక్కడో దూరంగా దింపుతుంది, మిగతాది నడవాలి. టాయిలెట్ల దగ్గర పెద్ద వరుస ఉంటుంది, హోటల్లోనే పని ముగించుకుని రండి. మొదలయ్యే చోట జనం మధ్యలో గానీ వెనక గానీ నిలబడండి. చిప్ ఉన్న బిబ్ అయితే మీ సమయం మీరు గీత దాటినప్పుడే మొదలవుతుంది, ముందు వరుస కోసం తోసుకోనక్కర్లేదు.

ఇక ఆ మొదటి రెండు కిలోమీటర్లు. చీకటి విడుతూ ఉంటుంది, పాటలు, కేకలు, తెల్ల యూనిఫాంలో నేవీవాళ్లు, స్కూలు పిల్లలు, ఎనభైకి దగ్గరపడిన తాతగార్లు, ఒళ్లు తెలియని ఉత్సాహం. మీ రేసు చెడినా ఇక్కడే, బాగుపడినా ఇక్కడే. మరీ నెమ్మదిగా వెళ్తున్నానేమో అని సిగ్గేసేంత నెమ్మదిగా మొదలుపెట్టండి. ఐదో కిలోమీటరు దాకా అలాగే ఉండండి. ఎనిమిది దాటాక మీలో ఇంకా ఓపిక ఉంటే నడక విరామాలు తగ్గించుకోండి. పోర్టులో పనిచేసి రిటైరైన ఒకాయన మా గుంపులో ఉన్నారు. ఏటా అందరికన్నా వెనక మొదలుపెడతారు. చివరి కిలోమీటరులో మా కుర్రాళ్లను వరుసగా దాటుకుంటూ వస్తారు.

కళ్లు తిరిగినా, అంత ఉక్కలోనూ ఒళ్లు జలదరించి చలి పుట్టినా, మాట తడబడినా, గుండె మీద బరువు పెట్టినట్టు ఉన్నా వెంటనే ఆగి వాలంటీరును పిలవండి. దారిలో అంబులెన్సులు, వైద్య సిబ్బంది ఉంటారు. పతకం కోసం ఓర్చుకోవద్దు.

ముగించాక సముద్రంలోకి దిగకండి. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఒళ్లు కాలిపోతుంటుంది, నీళ్లు పక్కనే ఉంటాయి, అందరికీ దిగాలనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, తిరుగు అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఇక్కడ మునిగిపోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. అలిసిన కాళ్లకు నీళ్లలో తిమ్మిరి పట్టిందంటే నిలదొక్కుకోవడం కష్టం. ఒక పది నిమిషాలు రోడ్డు మీదే నడిచి, ఏదైనా తిని, హోటలుకు వెళ్లి స్నానం చేయండి.

తిరుగు ప్రయాణానికి ఆదివారం సాయంత్రం గోదావరి సరిపోతుంది, మధ్యాహ్నం నిద్రకు సమయం దొరుకుతుంది. బెర్త్ మాత్రం ఇప్పుడే చూసుకుని కిందిదే బుక్ చేయండి. ఆ రాత్రికి తొడలు పట్టేసి ఉంటాయి, పై బెర్త్ ఎక్కి దిగడం కష్టం. రాత్రి నిద్రలో పిక్క పట్టేస్తే కాలు చాపి, బొటనవేలిని మీ వైపు లాక్కుని ఒక అర నిమిషం అలాగే ఉంచండి, వదిలేస్తుంది.